పక్కకు తప్పుకోని స్టీరింగు

2005లో కువైట్‌లోని దజీజ్‌లో, ఒక గోడౌనులో, గుడ్డు ఆకారంలో ఉన్న ఒక చిన్న బండిని నేను గుడ్డిగా ఇంకో బండి అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే అది పొరపాటుతో పోయేది. అనుకున్నదాన్ని నిజం చెయ్యడానికి ఆ బండి స్టీరింగు కోయించాను. అందుకని దాన్ని మూర్ఖత్వం అనడమే మర్యాద. నా చేత మరీ అంత తెలివితక్కువ పని చేయించింది నా తెలివే కావడం ఇందులో విశేషం.

మాది కాకినాడ పక్క పల్లె. కువైట్ వచ్చిన కొత్తలో షువైఖ్‌లో ఒక స్పేర్ పార్ట్స్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు నిలబడ్డాను. విడిభాగాలే నా భాగ్యం. విరిగిన ముక్కొకటి కౌంటర్ మీద పెడితే అది ఏ కంపెనీ బండిదో, ఏ మోడల్‌దో చెప్పేవాణ్ని. ఆ పనిలో నాకొక నియమం ఉండేది: ముక్క చూపించు, కథ చెప్పకు. ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ ముందు కథే మొదలెడతాడు. బండి ఎక్కడ ఆగిపోయిందో, అప్పుడు లోపల మామగారు ఉన్నారో అత్తగారు ఉన్నారో, వాళ్లేమన్నారో, అన్నీ చెబుతాడు. వెనక లైను పెరిగిపోతుంది. ముక్క మాత్రం అబద్ధం ఆడదు, ఆలస్యం చెయ్యదు. అలా కథలు వినడం మానేశాను. వినకుండానే పేరు తెచ్చుకున్నాను.

ఆ పేరు విని నాసర్ అనే కువైటీ నన్ను తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. పాత కార్లు కొని బాగుచేయించి దాచుకోవడం ఆయన సరదా. అవన్నీ దజీజ్ గోడౌనులో ఉండేవి. నాకు స్టోరు బాధ్యత: ఏ బండికి ఏ పార్ట్ కావాలో గుర్తుపట్టి, ఏ దేశంలో ఉంటే ఆ దేశం నుంచి తెప్పించాలి. మెకానిక్కు గంగారాం. జగిత్యాల మనిషి. చేతిలో స్పానర్, నోట్లో వెక్కిరింత లేకుండా నేనతన్ని చూడలేదు.

ఆ ఏడు యూరప్ నుంచి ఒక కంటెయినర్ వచ్చింది. తలుపు తెరిస్తే లోపల అన్నీ బుల్లి కార్లు. వాటిని మైక్రోకార్లంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడి జనం చేతిలో డబ్బు లేదు, పెట్రోలు కరువు, పెద్ద కారు కొనే తాహతు లేదు. వాన పడితే మోటార్ సైకిల్ మీద తడవాలి. అందుకని మోటార్ సైకిల్ ఇంజనుకే చుట్టూ ఒక రేకు గది కట్టి, మూడు చక్రాలో నాలుగు చక్రాలో తగిలించి అమ్మారు. స్కూటర్ల కంపెనీలు, విమానాల కంపెనీలు కూడా ఆ పని చేశాయి. తర్వాత జనం చేతికి డబ్బు వచ్చింది, ఈ బుల్లి కార్లు పెరట్లోకి పోయాయి. సగం వాటికి పేరు పలకలు ఊడిపోయి, ఏది ఏదో చెప్పేవాడు కరువయ్యాడు.

ఇక్కడ నా ప్రతాపం చూడాలి. పైకప్పు విమానం మూతలా పక్కకు లేచే బండిని చూడగానే మెసర్‌ష్మిట్ అన్నాను. స్కూటర్ వాసన వేసే నాలుగు చక్రాల బండిని వెస్పా 400 అన్నాను. డొక్కు రేకులోంచి గోగోమొబిల్‌ని బయటికి లాగాను. అన్నీ నిజమయ్యాయి. గంగారాం కూడా "స్టోర్ సార్‌కు కండ్లల్ల బొమ్మల పుస్తకం ఉన్నట్టుంది" అన్నాడు. మనిషి పాడవడానికి అంతకంటే ఏం కావాలి?

చివరికి మిగిలింది గుడ్డు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పక్కన తలుపుల్లేవు. ముక్కు భాగమంతా ఒకటే తలుపు, ఫ్రిజ్ తెరిచినట్టు తెరుచుకుంటుంది. ఇంజను మీద మసి, మట్టి అంగుళం మందాన పేరుకుపోయాయి. చాసిస్ ప్లేట్, అంటే బండి పేరూ నంబరూ కొట్టి ఉండే రేకు బిళ్ల, ఊడిపోయి దాని మేకుల బెజ్జాలు మాత్రం మిగిలాయి.

అసలు ఆ కంటెయినర్ మొత్తం నాసర్ తెప్పించింది తండ్రి కోసం. పెద్దాయన్ని అందరూ అబూ నాసర్ అనేవారు. జాబ్రియాలో ఆయన ఇంట్లో పనిచేసేవాళ్లు బాబా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. కుర్రతనంలో ఇంగ్లండులో చదువుకున్నప్పుడు ఆయనకి ఇలాంటి బండి ఒకటి ఉండేదట. పేరు గుర్తులేదు. అక్కడ ఇలాంటివాటన్నిటినీ బబుల్ కార్ అనేవారట, అదొక్కటే గుర్తు. ఇప్పుడు ఆయన చూపు క్రమంగా తగ్గిపోతోంది. మిగిలిన కాస్త చూపు ఏడాది పైన నిలుస్తుందని హామీ ఇవ్వలేమని డాక్టర్లు చెప్పేశారు. కళ్లుండగా ఆ బండిని ఒక్కసారి నడపాలని ఆయన కోరిక. ఈ సరుకులో అదీ ఉంటుందేమోనని కొడుకు ఆశ.

కంటెయినర్ విప్పిన రోజు పెద్దాయన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చారు. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, పాతకాలం కువైటీలకి వచ్చినంత హిందీ కూడా వచ్చు.

"నా కారుకి తలుపు ముందుండేది," అన్నారు. "ఒకసారి ఏమైందంటే, మా ఇంటి యజమానురాలి గరాజులో..."

"తలుపు ముందుండేదా బాబా?" అన్నాను నేను మధ్యలో దూరి. "మూడు చక్రాలేనా? అయితే అది ఇసెట్టా. ఇదిగో, ఇదే. ఇంక మీరేమీ చెప్పక్కర్లేదు."

పెద్దాయన నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగి, చిన్నగా నవ్వి, "నువ్వు తెలిసినవాడివిట కదా" అన్నారు. తలుపు ముందు, తెలివి వెనక అయిన ఘట్టం అది.

ఇసెట్టా గురించి అందరికీ తెలిసిన ముచ్చట ఒకటుంది. దాని తలుపు తెరిస్తే స్టీరింగు కూడా తలుపుతోపాటు బయటికి ఊగుతుంది. ఎక్కేవాడికి అడ్డం ఉండదు. అందుకోసం స్టీరింగు కాలమ్, అంటే చక్రాన్ని కింది గేర్లకి కలిపే కడ్డీ, అడుగున ఒక జాయింట్‌తో మడత పడుతుంది. మన గుడ్డులో ఆ జాయింట్ లేదు. తలుపు తెరిస్తే స్టీరింగు ఉన్నచోటే మొండిగా నిలబడింది. దాంతో నేను ఇసెట్టా జాయింటూ, అద్దం చుట్టూ బిగించే విండ్‌స్క్రీన్ రబ్బరూ జర్మనీ నుంచి తెప్పించాను.

"సార్, ఈ కడ్డీకి అతుకే లేదు," అన్నాడు గంగారాం. "కంపెనీకెళ్లి వచ్చినట్టే ఉన్నది."

"ఎవడో మార్చేశాడోయ్. ఒరిజినల్‌ది పాడైపోతే గొట్టం తగిలించి ఉంటాడు."

"మరి తలుపుకు పట్టీ పెట్టే జాగ సుత లేదు గద."

"అదీ వాడే పీకేసి ఉంటాడు."

"రివర్స్ గేర్ పడ్తలేదు. లోపట బోల్టేదో అడ్డం పెట్టిండ్రు."

"వాడే."

"అద్దం రబ్బరు సాల్తలేదు. జానెడు తక్కువున్నది."

"ఎండకి కుంచించుకుపోయుంటుంది."

"పొద్దుగాల పెట్టె ఇప్పితిమి. గింతల్నే కుంచించుకపోయిందా?" గ్రైండర్ ప్లగ్గు పెట్టాడు గంగారాం. "గా ఒక్క దొంగను దొరకవట్టు సార్, అన్నీ దొరుకుతయ్. సరే, కొయ్యమంటవా? మల్ల నన్ను అనద్దు."

"కొయ్యి."

కోశాడు. జాయింటు పెట్టాం. తలుపుకి ఒక పట్టీ వెల్డింగ్ చేయించి స్టీరింగుని దానికి తగిలించాం. ఒక్క మాట ఒప్పుకోవాలి: నాకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ ఆ కనిపించని దొంగ నెత్తిన పెట్టి నేను హాయిగా నిద్రపోయాను. బండిని గుర్తుపట్టేవాడికి అంతకంటే ప్రమాదకరమైన జబ్బు లేదు.

పెద్దాయన్ని పిలిచాం. కొడుకు చెయ్యి వదిలి, వేళ్లతో రేకు తడుముకుంటూ ముక్కు దగ్గరికి వచ్చారు. తలుపు తెరిచారు. తర్వాత ఎడమచెయ్యి చాపి, శరీరం కొంచెం పక్కకి ఒంచి, దేన్నో దాటుతున్నట్టు కాలు లోపల పెట్టబోయారు. ఆ చెయ్యి గాల్లోకి పోయింది. ఆయన తూలారు. గంగారాం పట్టుకున్నాడు.

"స్టీరింగు ఏది?"

"తలుపుతోపాటు పక్కకి వచ్చింది బాబా," అన్నాను గర్వంగా.

"నాది ఇలా మర్యాదగా పక్కకు తప్పుకునేది కాదు," అన్నారు. "ఇది నా కారు కాదు." కోపం లేదు. చేతులు దులుపుకుని కొడుకు భుజం వెతుక్కున్నారు.

నాసర్ వెళ్తూ వెళ్తూ, "నాన్నది కాకపోతే దీనితో నాకు పనిలేదు. గోడౌనులో చోటు కావాలి. నెలాఖరుకల్లా దీన్ని స్క్రాప్‌కి పంపించేయ్, ఖలాస్" అన్నాడు.

ఆ సాయంత్రానికి నాకు కొత్త పేరు వచ్చింది: ఇసెట్టా సార్. పెట్టింది గంగారాం. పక్క గరాజుల్లోని బెంగాలీలు, పాకిస్తానీలు కూడా "ఇసెట్టా భాయ్, చాయ్ తాగుతావా?" అనడం మొదలెట్టారు. పేరు గుర్తుపట్టడం నా వృత్తి కదా. నా పేరు అందరూ గుర్తుపట్టారు.

అదంతా సరదా. సరదా కానిది ఒకటుంది. పెద్దాయన గాల్లోకి చాపిన ఆ చెయ్యి నన్ను వదల్లేదు. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ చేతికి ఒక కొలత గుర్తుంది. ఆ చెయ్యి వెతికిన చోట స్టీరింగు లేదు. లేకుండా చేసింది ఎవరు? కనిపించని దొంగ కాదు.

శుక్రవారం జాబ్రియా వెళ్లాను. తలుపు తీసింది సలోమి. పాలకొల్లు వైపు ఆవిడ, ఆ ఇంట్లో వంట చేస్తుంది.

"రండి అన్నయ్యగారూ. ఇసెట్టాలో వచ్చారా, బస్సులో వచ్చారా?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"గంగారాం అన్న పొద్దున్నే ఫోన్ చేశాడండి. ఆయ్."

"బాబాతో మాట్లాడాలి."

"మాట్లాడండి. ఆయనకి కావలసింది వినే మనిషే. ఆ గరాజు కథ మొదలెడితే మామా, అదే అమ్మగారు, టీవీ సౌండు పెంచేస్తారు. పిల్లలు లేచిపోతారు. నాకైతే బంగాళాదుంపలు మాడిపోతాయి."

పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. నేను క్షమాపణ మొదలెడితే చెయ్యి ఊపేశారు. అప్పుడు నా ఉద్యోగజీవితంలో మొదటిసారి, ముక్క లేకుండా కథ అడిగాను.

"బాబా, ఆ రోజు గరాజులో ఏమైంది?"

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ముఖం వెలిగింది.

"నాకు కారు లైసెన్సు లేదు. మోటార్ సైకిల్ లైసెన్సే ఉంది. ఆ రోజుల్లో అక్కడ రూలు ఏమిటంటే, బండికి మూడు చక్రాలే ఉండి, రివర్స్ గేర్ లేకపోతే మోటార్ సైకిల్ లైసెన్సు చాలు. అందుకని అమ్మినవాడే నా కారుకి రివర్స్ పడకుండా లోపల అడ్డం పెట్టి ఇచ్చాడు. ఒకరోజు భారీ వాన. మా ఇంటి యజమానురాలు గరాజు తలుపు తెరిచి పెట్టింది. నేను సంతోషంగా లోపలికి నడిపాను. ముక్కు గోడకి ఆనేదాకా నడిపాను."

ఆగి నా వైపు చూశారు. నాకు అప్పటికే అర్థమైంది. అయినా ఆయన్నే చెప్పనిచ్చాను.

"తలుపు ముందు. ముందు గోడ. వెనక్కి వెళ్లడానికి గేర్ లేదు! అరిచాను, వానలో ఎవరికీ వినపడలేదు. చివరికి పైకప్పు మధ్యలో ఉండే గుడ్డ విప్పి పైకి ఎక్కబోతే స్టీరింగు ఇక్కడ గుచ్చుకుంది." పక్కటెముకల మీద చెయ్యి పెట్టారు. "రోజూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గుచ్చుకునేది. ఆ రోజు ఇంకా గట్టిగా గుచ్చుకుంది. గరాజులోకి వచ్చిన ఆవిడకి కారు నెత్తిమీంచి రెండు చేతులు లేచి కనిపించాయి. ఆవిడ పెట్టిన కేక మాత్రం వీధంతా వినిపించింది!"

ఆయన నవ్వుతూంటే నేను టీ కప్పు పట్టుకుని కూర్చుండిపోయాను. రివర్స్‌కి అడ్డం పెట్టిన బోల్టు. పక్కకు తప్పుకోని స్టీరింగు. గోడౌనులో ఆ రెండూ నా కళ్లముందే ఉన్నాయి. ఆయన మొదటిరోజే చెప్పబోయారు. చెప్పనిచ్చి ఉంటే గ్రైండర్ ప్లగ్గు గోడకి ఎక్కేదే కాదు.

మర్నాడు కోసిన కాలమ్, తలుపు, అద్దం చట్రం, అడ్డం పెట్టిన బోల్టు, అన్నీ డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసి, ఇంగ్లండులో ఇలాంటి బండ్లు పెంచుకునేవాళ్ల క్లబ్బు ఒకటుంటే వాళ్లకి ఈ-మెయిల్ చేశాను. పెద్దాయన కథ కూడా రాశాను, పూర్తిగా. జవాబు వెంటనే వచ్చింది. ఈ బండి ఇసెట్టా కానే కాదు. జర్మనీలో హైంకెల్ అనే విమానాల కంపెనీ ఇసెట్టాని చూసి, దానికంటే తేలికగా ఉండాలని తయారుచేసిన గుడ్డు ఇది. స్టీరింగుని కదలకుండా పెట్టింది ఆ కంపెనీయే. తర్వాత తయారీ ఇంగ్లండుకి పోయింది, అక్కడ దాని పేరు ట్రోజన్ 200. ఇసెట్టా రబ్బరు దీనికి పొట్టి కావడం సహజం. చివర ఒక వాక్యం: "మీ దగ్గరున్న స్టీరింగు కాలమ్‌ని ఎవరో కోసినట్టున్నారు, ఎంత ఘోరం!" దొంగ సంగతి వాళ్లకి కూడా తెలిసిపోయింది.

నాసర్‌కి మెయిల్ చదివి వినిపించాను. కోసింది ఎవరో కూడా చెప్పాను. ఆయన "నాన్న చూపు నీకోసం ఆగదు" అన్నాడు. అంతే. స్క్రాప్ మాట మళ్లీ ఎత్తలేదు.

కోసిన కాలమ్‌ని మళ్లీ అతికించవచ్చు. కానీ స్టీరింగు విషయంలో అతుకుని నమ్మకూడదు. ఆ క్లబ్బులో ఒకాయన దగ్గర పాడైన బండి నుంచి తీసిన మంచి కాలమ్ ఉంటే రప్పించాం. ఈసారి ప్రతి ముక్కనీ బిగించేముందు పాతదాని పక్కన పెట్టి చూశాను. హైంకెల్ రబ్బరు అద్దం చుట్టూ చక్కగా కూర్చుంది. ఇంజను మీది మట్టి కడిగించాను. తలుపుకి వెల్డింగ్ చేసిన పట్టీని గంగారాం అరగదీస్తూ, "ఈ దొంగెవడో గాని సార్, పని మంచిగనే చేసిండు" అన్నాడు. రివర్స్‌కి అడ్డం పెట్టిన బోల్టు తీసెయ్యమంటారా అని పెద్దాయన్ని అడిగితే, "ముట్టుకోవద్దు!" అన్నారు.

మార్చి నెలలో, ఎండలు ముదరకముందే, ఒక శుక్రవారం పొద్దున గోడౌను ముందున్న ఖాళీ జాగాలో బండిని నిలబెట్టాం. సలోమి ఫ్లాస్కుతో టీ తెచ్చింది. పెద్దాయన అప్పటికి మనుషుల్ని నీడల్లా మాత్రమే చూస్తున్నారు. తలుపు తెరిచారు. ఎడమచెయ్యి చాపారు. చెయ్యి స్టీరింగు మీద పడింది. ఒంటిని పక్కకి ఒంచి, కాలు లోపల పెట్టి, కూర్చోబోతూ "ఆహ్!" అన్నారు. పక్కటెముకల్లో గుచ్చుకుంది.

"దెబ్బ తగిలిందా బాబా?" సలోమి పరిగెత్తింది.

"తగిలింది," అన్నారు ఆయన నవ్వుతూ. "ఇదే. ఇదే నా కారు."

పక్కన నాసర్ ఇరుక్కుని కూర్చుని దారి చెబుతుంటే, జాగా చుట్టూ నెమ్మదిగా తిప్పారు. ఇంజను టపటపమని కొట్టుకుంది. నేను రెండో చుట్టు నుంచి నేల చూస్తూ నిలబడ్డాను. దుమ్ము వల్ల కళ్లలో నీళ్లు వచ్చాయని చెబితే దజీజ్‌లో ఎవరైనా నమ్ముతారు.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది పెద్దదేం కాదు. ముక్క అబద్ధం చెప్పదన్నది నిజమే. కానీ ముక్కకి ఉన్నది ఒకటే మాట. ఆ మాట ఏ ప్రశ్నకి జవాబో చెప్పేది మనిషి కథ. స్టీరింగు కదలదని ముక్క మొదటిరోజే చెప్పింది. అది అలాగే పుట్టిందని చెప్పాల్సిన మనిషిని నేను మధ్యలో ఆపేశాను. కొన్నేళ్లకి మళ్లీ కౌంటర్ వెనక నిలబడ్డప్పుడు ఎవరి మామగారి సంగతైనా సరే, టీ తెప్పించి మరీ విన్నాను. లైను పెరిగింది. తప్పులు తగ్గాయి.

ఇంక మిగిలింది గంగారాం.

ఆ శుక్రవారమే, బండి దిగిన పెద్దాయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. బండిని లోపల పెట్టాలి. "ఇసెట్టా సార్, నేను పెడ్తా," అని గంగారాం ఎక్కి తలుపు వేసుకున్నాడు. మా గోడౌనులో ఒక పద్ధతి ఉంది. బండి ఇరుకులో పెట్టేటప్పుడు నడిపేవాడు ముందున్నవాడి చెయ్యి తప్ప ఇంకేమీ చూడడు. చెయ్యి రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి. నేను వెళ్లి గోడకి చేర్చి పెట్టిన పాత టైర్ల పక్కన నిలబడి, చెయ్యి ఊపాను.

"రా... రా... ఇంకా చోటుంది... యల్లా, ఆనియ్."

బండి ముక్కు టైర్లకి మెత్తగా ఆనింది. గంగారాం ఇంజను ఆపి తలుపు తోశాడు. తలుపు రాలేదు. మళ్లీ తోశాడు. గేరు వెతికాడు. అప్పుడు అద్దంలోంచి నా ముఖం చూశాడు.

"సార్! జర ఎన్కకు గుంజుండ్రి!"

"ఇసెట్టా సార్‌కి అంత బలం ఎక్కడిదోయ్?"

"సార్, పరాచికాలద్దు. ఉడుకపోస్తున్నది."

"ముందు బండి పేరు చెప్పు."

"ట్రోజన్."

"నా పేరు?"

పైకప్పు గుడ్డ బకిళ్లు టప్పుమని విప్పిన శబ్దం. గుడ్డ లేచి, అందులోంచి గంగారాం చెమటతో మెరిసే తల బయటికి వచ్చింది. సలోమి ఫ్లాస్కు కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నవ్వులు విని పెద్దాయన గుమ్మం వైపు తల తిప్పారు. "ఏమైంది?"

"గంగారాం పైనుంచి దిగుతున్నాడు బాబా."

"పైనుంచా!" ఆయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. "ముందు ఏమొచ్చింది? చేతులా, తలా?"

"తల."

"తప్పు!" అని అరిచారు పెద్దాయన. "మళ్లీ లోపలికి పొమ్మను. ముందు చేతులు రావాలి!"

గంగారాం నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. వీసా ఇచ్చిన కఫీల్ తండ్రి మాట కాదనలేం కదా. తల లోపలికి పోయింది.